పుట్టినతేదీ నుంచి మొదలుపెట్టండి: మీ ఊరిని రిజిస్టర్లలో చదవడం ఎలా

నా పుట్టినరోజు జులై 1. మా అన్నది జులై 1. మా వాడకట్టులో నాతో చదువుకున్నవాళ్లలో చాలామందిది జులై 1. ఆ తారీఖున వరంగల్‌లో ఏదో వింత జరిగిందని కాదు. బడిలో వేసిన నాడు హెడ్మాస్టరు సారు పిల్లను నిలబెట్టి, కుడిచేయి తల మీదుగా వేయించి, ఎడమ చెవి అందుతుందా లేదా అని చూసేవారు. అందితే బడి ఈడు వచ్చినట్టే. ఇక తేదీ అంటారా, రాసేవాళ్లకు ఏది సులువైతే అది రాసుకున్నారు.

మా అమ్మ లెక్క వేరు. "నెహ్రూ వచ్చిపోయిన మరుసటేడు, బతుకమ్మ పండుగకు నువ్వు నెల పిల్లవు" అనేది. నెహ్రూ ఇక్కడికి వచ్చింది 1959 అక్టోబరులో, రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీకి (ఇప్పటి ఎన్ఐటీ) పునాదిరాయి వేయడానికి. ఆ లెక్కన నేను 1960 ఆగస్టు ఆఖరుకు పుట్టినట్టు. బడి మాత్రం 1960 జులై 1 అన్నది. బడి మాటే పదో తరగతి మెమోలోకి ఎక్కింది, మెమో నుంచి సర్వీసు రిజిస్టరుకు ఎక్కింది, అక్కడ ఎక్కిన తేదీని ఇక దించేవాళ్లు లేరు. ఒకటో తారీఖున పుట్టినవాళ్లు ముందు నెల ఆఖరి రోజునే దిగిపోవాలన్నది రూలు. 58 నిండాయని 2018 జూన్ 30 సాయంత్రం నాకు శాలువా కప్పారు. చెవి అందినందుకు రెండు నెలల జీతం పోయింది. ఆ తర్వాత మూడేళ్లకు, 2021 మార్చిలో, తెలంగాణ అసెంబ్లీ ఉద్యోగుల రిటైర్మెంటు వయసును 61 చేసింది. అప్పటికి నేను ఇంటి వెనక వంకాయ చెట్లకు నీళ్లు పోస్తున్నాను.

ముప్పై ఏళ్లకు పైగా సోషల్ చెప్పాను, ఎక్కువ కాలం పరకాల, నర్సంపేట వైపు జిల్లా పరిషత్ బళ్లలో. 'విద్య, ఆర్థిక, రాజకీయ సంస్థలు సమాజాన్ని తీర్చిదిద్దుతాయి' అనే వాక్యాన్ని పిల్లల చేత ఎన్నిసార్లు వల్లె వేయించానో లెక్కలేదు. మార్కులు పడ్డాయి, ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, నిజం చెప్పాలంటే నాకూ కాలేదు. తర్వాత తొమ్మిదో తరగతి వాళ్లకు ఎండాకాలం సెలవుల్లో ఒక పని ఇవ్వడం మొదలుపెట్టాను. ఇప్పుడు మా వీధిలో డిగ్రీ చదివే పిల్లలు ప్రాజెక్టు కోసమని వచ్చి "మేడం, ఏమన్నా టాపిక్ చెప్పండి" అంటే వాళ్లకూ అదే చెబుతున్నాను. మీ ఊరి బడి, పని, పంచాయితీ మూడూ ఒక్కొక్క మనిషిని ఎట్లా రాసుకున్నాయో వెతకండి. దానికి లైబ్రరీ అక్కర్లేదు. ఎవరి దగ్గరికి, ఎట్లా పోవాలో మాత్రం తెలియాలి.

ముందు ఇంట్లో రేకుపెట్టె తెరవండి

ఊరి మీద పడకముందు మీ ఇంట్లోనే ఒక పూట కూర్చోండి. అందరి ఇళ్లల్లో ఒక రేకుపెట్టో, బీరువా పై అరలో ప్లాస్టిక్ సంచో ఉంటుంది. అందులో టీసీ, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, ఉపాధి హామీ జాబ్ కార్డు, బీడీలు చుట్టే ఇల్లయితే పీఎఫ్ కాగితాలు, ఓటరు కార్డు, ఆధార్ ఉంటాయి. ఇంట్లో అందరికంటే పెద్దావిడ పేరు ఒక్కటే తీసుకోండి. ఒక్కో కాగితంలో ఆమె పేరు ఎట్లా రాశారు, వయసు ఎంత వేశారు, ఇంటిపేరు పుట్టింటిదా అత్తింటిదా, ఇవన్నీ వరసగా రాయండి.

మా మేనత్త పేరు ఒక కాగితంలో లచ్చమ్మ, ఇంకోదాంట్లో లక్ష్మి, మరోదాంట్లో లక్ష్మమ్మ. ఆధార్‌లో తేదీ లేదు, ఏడాది ఒక్కటే ఉంది. ఆ ఏడాదిని కూడా నమోదు చేసే పిల్లగాడు ఆమె ముఖం చూసి వేసిందే. ఇందులో నవ్వులాట ఏమీ లేదు. 2014లో ఆసరా మొదలైనప్పుడు వృద్ధాప్య పింఛనుకు 65 ఏళ్లు నిండాలన్నారు, తర్వాత దాన్ని 57కు తగ్గించారు. ఆ పిల్లగాడు ఊరికే వేసిన ఏడాది మీద ఆమె నెలనెలా చేతిఖర్చు ఆధారపడింది.

ఈ ఒక్క పేజీ సరిగ్గా రాస్తే సగం ప్రాజెక్టు అర్థమైనట్టే. మిగతాదంతా ఇదే పనిని ఊరి మొత్తానికి చేయడం.

బడి: అడ్మిషన్ రిజిస్టరు

సర్కారు బడిలో ఎన్ని కాగితాలు చెదలు పట్టినా అడ్మిషన్ రిజిస్టరును మాత్రం ప్రాణంలాగా దాస్తారు. ఏ వయసువాళ్లైనా టీసీ కోసం, పుట్టినతేదీ రుజువు కోసం వచ్చి నిలబడతారు కదా. చేరిన తేదీ, పేరు, తండ్రి పేరు, కులం, తండ్రి చేసే పని, పుట్టినతేదీ, పుట్టుమచ్చలు, ఏ తరగతిలో చేరారు, ఎప్పుడు మానేశారు, ఎందుకు మానేశారు అనే గడులుంటాయి. నా లెక్కలో ఒక ఊరి గురించి దీన్ని మించిన పుస్తకం లేదు.

హెడ్మాస్టరు దగ్గరికి ఉత్త చేతులతో పోవద్దు. కాలేజీ నుంచి ఒక లెటరు తీసుకుపోండి. ఫోన్లో ఫోటోలు తీయబోమని ముందే చెప్పండి, తీయకండి కూడా. అందులో ఉన్నవి పిల్లల పేర్లు, కులాలు. పేర్లు ఎక్కడా ఎక్కించుకోవద్దు, లెక్కలు మాత్రమే రాసుకోవాలి. పెన్ను కాదు, పెన్సిలు తీసుకుపోండి. నా శిష్యుడొకడు 1970ల నాటి పేజీ మీద పెన్ను సిరా కక్కించి నన్ను మాట పడేలా చేశాడు.

ఏం చూడాలి? ఆడపిల్లల పేర్లు ఏ ఏడు మొదలయ్యాయో చూడండి. మొదటి ఆడపిల్ల ఎవరి బిడ్డో, తండ్రి పని గడిలో ఏం రాసుందో చూడండి. నేను చూసిన చాలా పుస్తకాల్లో ఆ మొదటి పేరు పంతులు బిడ్డదో, పట్వారీ బిడ్డదో. ఆ తర్వాత ఎన్ని పేజీలు తిప్పితే కూలి మనిషి బిడ్డ కనిపిస్తుందో లెక్కపెట్టండి. ఆ పేజీల సంఖ్యే మీకు దొరికిన మొదటి సంగతి.

తర్వాత 'మానేసిన తేదీ' గడి మీదికి రండి. ఏ ఏడు అన్నది కాదు, ఏ నెల అన్నది చూడండి. దసరా దాటాక పత్తి ఏరుడు మొదలవుతుంది, సంక్రాంతి దాటాక మిర్చి ఏరుడు. పేర్లు రాలిపోయేది ఆ నెలల్లోనే. కారణం గడిలో మాత్రం 'దీర్ఘకాలం గైర్హాజరు' అని ఒకటే మాట ఉంటుంది. ఆ మాట రాసినవాళ్లలో నేనూ ఉన్నాను. పిల్ల ఎక్కడుందో మాకు తెలుసు, కిటికీలోంచి చూస్తే చేనులో కనిపించేది. కానీ గడిలో 'పత్తి ఏరుతోంది' అని రాస్తే తనిఖీకి వచ్చినవాళ్లకు జవాబు చెప్పాలి. కాబట్టి గడి ఏం చెబుతోందో రాసుకోండి, నెల ఏం చెబుతోందో పక్కన రాసుకోండి. రెండూ కలవకపోతే నెలనే నమ్మండి.

పేర్లు ఒక్కసారిగా పెరిగిన ఏళ్లు కూడా ఉంటాయి. 2001 నవంబరులో బడి పిల్లలకు మధ్యాహ్నం వండిన అన్నమే పెట్టాలని సుప్రీంకోర్టు చెప్పింది, మన దగ్గర 2003 జనవరిలో బడిలో పొయ్యి వెలిగింది. ఆ అటూ ఇటూ పేజీలు పోల్చి చూడండి. ఒక ఊళ్లో తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది, ఇంకో ఊళ్లో ఏమీ ఉండదు. ఏమీ లేకపోతే ఏమీ లేదనే రాయండి. పిల్లలు సోషల్ పుస్తకంలో ఉన్నది నిజం కావాలని లెక్కలను లాగి పీకి సరిచేస్తుంటారు, అది చేయొద్దు.

పేర్లు తగ్గిన ఏళ్లకు కారణం వెతకడం సులువు. ప్రైవేటు బడి పసుపు పచ్చ వ్యాను మీ ఊళ్లోకి మొదట ఎప్పుడొచ్చిందో ఎవరినడిగినా చెబుతారు. వ్యాను ముందు ఏ వాడకు పోయింది, ఏ వాడకు ఇప్పటికీ పోదు అన్నది పటం గీయండి. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. సర్కారు బడిలో పాఠం చెబుతూ నా కొడుకును వ్యాను ఎక్కించిన దాన్ని నేను. స్టాఫ్ రూములో అందరం అంతే. కనుక ఆ వ్యాను గురించి రాసేటప్పుడు తల్లిదండ్రులను తిట్టే భాష వాడకండి.

మీ బడి బాగా పాతదైతే మొదటి రిజిస్టరు ఉర్దూలో ఉండొచ్చు. నిజాం కాలంలో బడి మాధ్యమం ఉర్దూ, 1918లో మొదలైన ఉస్మానియా కూడా ఉర్దూలోనే చెప్పేది. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ అయినప్పుడు బడి దాకా ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్నది దానికదే ఒక పాఠం. ఊళ్లో ఉర్దూ చదివే పెద్దమనిషిని పట్టుకుని చదివించుకోండి. తెలుగు చదువు సర్కారు బయట ఎట్లా సాగిందో తెలియాలంటే హనుమకొండ రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం సంగతి చూడండి. 1904లో మొదలైన గ్రంథాలయం అది.

వయసు అడిగే పద్ధతి

రిజిస్టర్లయ్యాక మనుషుల దగ్గరికి పోవాలి. ఇద్దరిద్దరు పోండి, ఒకరు తప్పకుండా ఆడపిల్ల అయి ఉండాలి. కాగితం తీసి "మీ వయసెంత" అని మొదలుపెట్టారా, పని చెడ్డట్టే. ముసలమ్మ మీరు పింఛను తీసేయడానికి వచ్చారనుకుంటుంది. "అమ్మమ్మా, రజాకార్లు తిరిగిన నాడు నువ్వు ఎంత ఉంటివి?" అని అడగండి. "గప్పుడు నేను గొర్రెపిల్లలను తోలేదాన్ని బిడ్డా" అంటుంది. రజాకార్ల కాలం 1947–48. గొర్రెపిల్లలను తోలే ఈడు అంటే ఏడెనిమిదేళ్లు. మీకు లెక్క దొరికింది, ఆమెకు భయం పోయింది.

ఇట్లాంటి గుర్తులను ముందే ఒక అట్ట మీద రాసి పెట్టుకోండి. 1952 మొదటి ఓట్లు. 1969 తెలంగాణ ఉద్యమం. 1983 రెండు రూపాయలకు కిలో బియ్యం. 1984లో ఇందిరమ్మ చనిపోయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. 2011 సకల జనుల సమ్మె. మేడారం జాతర రెండేళ్లకొకసారి వస్తుంది, ఇప్పటి లెక్కన సరి సంవత్సరాల్లో. "చిన్నోడు కడుపుల ఉన్నప్పుడు జాతరకు పోయి బంగారం మొక్కినం" అంటే తేదీ దగ్గరికి వచ్చేస్తుంది. బంగారం అంటే అక్కడ బెల్లం. ఇది మనవాళ్లకు చెప్పనక్కర్లేదు, కానీ మీ రిపోర్టు చదివే సారు ఎక్కడివాడో.

సకల జనుల సమ్మె దగ్గర ఒక నిమిషం ఆగండి. ప్రత్యేక తెలంగాణ కోసం 2011 సెప్టెంబరు 13న మొదలై 42 రోజులు సాగింది. బడులు మూతపడ్డాయి, సింగరేణిలో బొగ్గు తగ్గింది, బస్సులు ఆగాయి, ఆఫీసులకు తాళాలు పడ్డాయి. మీరు వెతుకుతున్న మూడు సంస్థలూ ఒకేసారి ఆగిన రోజులవి. ఆ నెలన్నర మీ ఊళ్లో పొద్దు ఎట్లా గడిచిందో అడిగి చూడండి. నన్నడిగితే, హాజరు పిలవని ఆ పొద్దుల్లో తొమ్మిదిన్నరకు ఏం చేయాలో తోచక రెండుసార్లు చీర మార్చుకుని కూర్చున్న సంగతి చెబుతాను. ఉద్యోగం మనిషిని ఎక్కడ పట్టుకుంటుందో నాకప్పుడు తెలిసింది.

పని: "ఏం లేదు, ఇంట్లనే ఉంట"

అన్నింటికంటే కష్టమైన భాగం ఇది. "మీరు ఏం పని చేస్తారు" అని అడిగితే మగవాళ్లు ఒక మాట చెబుతారు, ఆడవాళ్లు "ఏం లేదు, ఇంట్లనే ఉంట" అంటారు. చేతిలో తునికాకు, కత్తెర ఉంటాయి, ఒళ్లో చాట ఉంటుంది, మాట్లాడుతూనే బీడీలు చుడుతుంటారు. అయినా ఏం పని లేదంటారు. అందుకని పని పేరు అడగొద్దు. "నిన్న పొద్దున లేచినకాడికెళ్లి ఏమేం చేసినవ్ వదినా" అని అడిగి గంటల లెక్కన రాసుకోండి. పొయ్యి, నీళ్లు, గొడ్డు, కైకిలి (కూలి పని), బీడీలు, మళ్లీ పొయ్యి. ఇంటాయన రోజును కూడా అట్లాగే రాసి రెండింటినీ పక్కపక్కన పెట్టండి.

కైకిలి గురించి అడిగినప్పుడు ఎంత అన్నది ఒక్కటే అడగొద్దు. రోజు కూలా, గుత్తా? పైసలా, గింజలా? ఎవరి చేతికి ఇచ్చారు? ముందే అప్పు తీసుకుని పనికి పోతున్నారా? ఎనభై దాటినవాళ్లున్న ఇంట్లో వెట్టి గురించి తప్పకుండా అడగండి. దొర గడికి (అంటే ఆయన బంగళాకు) ఏ కులంవాళ్లు ఏం చేసేవాళ్లో తడుముకోకుండా చెబుతారు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు పడిపోయింది ఆ వెట్టికి ఎదురు తిరిగినందుకే. ఇదంతా పుస్తకంలో చదివే ఉంటారు. మీ ఊళ్లో వెట్టి పోయాక అదే పనికి మొదటిసారి కూలి ఎప్పుడిచ్చారు, ఎంతిచ్చారు అన్నది ఏ పుస్తకంలోనూ ఉండదు.

జాబ్ కార్డులు ఇంకా ఇళ్లల్లో ఉన్నాయి, పారేయకముందే చూడండి. 2005 చట్టం కింద మొదటి విడతలోనే, 2006లో, మన జిల్లాకు ఉపాధి హామీ వచ్చింది. ఆ చట్టం కింద ఇంటికి ఏడాదికి వంద రోజుల పని, ఆడ మగ తేడా లేకుండా ఒకటే రేటు ఉండేది. కార్డులో ఎన్ని రోజులు ఎక్కాయో రాసుకోండి, తర్వాత ఆ కార్డు ఉన్న ఇంటి మనిషిని "నువ్వు పోయింది ఎన్ని రోజులు" అని అడగండి. ఒకచోట మా పిల్లలు చూస్తే, గల్ఫ్‌లో ఉన్న మనిషి ఇక్కడ చెరువులో పూడిక తీసినట్టు మస్టర్లో (కూలీల హాజరు పట్టీలో) ఉంది. ఆ ఊరి పేరు చెప్పను. మీకు ఇట్లాంటిది దొరికితే మీరూ పేర్లు రాయకండి. మీరు పోలీసులు కారు, రేపు మళ్లీ ఆ ఇంటి ముందు నుంచే నడిచిపోవాలి.

పెద్ద కొలువు ఉన్న ఊరైతే పద్ధతి మారుతుంది. మా బాపు ఆజంజాహి మిల్లులో పనిచేసేవాడు. 1934లో నిజాం కాలంలో పెట్టిన బట్టల మిల్లు, తర్వాత జాతీయ జౌళి సంస్థ చేతికి పోయి చివరికి మూతపడ్డది. మా ఇంట్లో గడియారం ఉండేది కాదు. మిల్లు కూతకే అమ్మ పొయ్యి ముట్టించేది, కూతకే మేము బడికి బయలుదేరేవాళ్లం. సెలవులకు పరకాల దగ్గర అమ్మమ్మ ఊరికి పోతే అక్కడ కూత లేదు, "గొడ్లు ఇంటికొచ్చే యాళ్ల" అనేవాళ్లు. ముప్పై నలభై కిలోమీటర్ల దూరంలో రెండు రకాల పొద్దులు. కాబట్టి మీరు పోయిన ప్రతి ఇంట్లో పెద్దవాళ్లను ఈ ప్రశ్న అడగండి: "మీ చిన్నప్పుడు పొద్దెంతయిందో ఎట్లా తెలిసేది?" జవాబులో మసీదు అజా ఉంటుంది, రైలు ఉంటుంది, బడి గంట ఉంటుంది. ఆ ఊరి మీద ఎవరి గంట నడిచిందో తేలిపోతుంది.

భూపాలపల్లి, మంచిర్యాల, గోదావరిఖని వైపు పిల్లలు సింగరేణి ఇళ్లకు పోతారు. అక్కడ అడగాల్సింది జీతం కాదు, 'వారసత్వం'. తండ్రి తర్వాత కొలువు ఎవరికి పోయింది? గని చట్టం చాలాకాలం ఆడవాళ్లను భూగర్భంలోకి దిగనివ్వలేదు, 2019లో గానీ ఆ తలుపు కొంచెం తెరుచుకోలేదు. ఆ రూలు ఒక ఇంట్లో కొడుకు చదువు, బిడ్డ చదువు, అల్లుడి బేరం దాకా ఎట్లా పాకిందో ఒక్క కుటుంబాన్ని పట్టుకుని రాయండి చాలు. ఇంకొకటి. 1998 నుంచి అక్కడ గుర్తింపు కార్మిక సంఘానికి రహస్య ఓటుతో ఎన్నికలు జరుగుతున్నాయి. జెండాలు, ర్యాలీలు, విందులు, అన్నీ ఉంటాయి. పనిచేసే చోట ఓటు వేసిన మనిషి ఊరి ఓటును ఎట్లా చూస్తాడు? కాలనీలోనూ ఊళ్లోనూ ఇద్దరిని అడిగి పోల్చండి.

పంచాయితీ: తీర్మానాల పుస్తకం

పంచాయితాఫీసుకు పోయేటప్పుడు ముందు కారోబారును (పంచాయితీ గుమాస్తాను) కలవండి. సెక్రటరీలు మారిపోతుంటారు, కారోబారు ఊరివాడు, ఏ పుస్తకం ఏ బీరువాలో ఉందో ఆయనకు తెలుసు. చాయ్ తాగండి, ఊరిమాట మాట్లాడండి, రెండో రోజు అడగండి. మొదటి రోజే సమాచార హక్కు అర్జీ పెట్టేవాళ్లను చూశాను, వాళ్లకు కాగితాలు వస్తాయి, మాటలు రావు. మర్యాదగా అడిగినా ఇవ్వకపోతే అప్పుడు పెట్టండి. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. "మీ పంచాయితీ వివరాలన్నీ" అని అడగొద్దు. "ఫలానా ఏడు నుంచి ఫలానా ఏడు వరకు గ్రామసభ హాజరు పట్టికల నకళ్లు" అని అడగండి.

పుస్తకం చేతికొచ్చాక తీర్మానాలు చదవకముందు సంతకాలు చూడండి. వేలిముద్రలు ఏ ఏడు దాకా ఉన్నాయి? ఆడవాళ్ల సంతకం మొదట ఎప్పుడొచ్చింది? పంచాయితీల మీద రాజ్యాంగానికి చేసిన 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది, మన దగ్గర 1995 ఎన్నికల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్లకు, 2013 నాటికి సగం. పేజీల మీద అది కనపడాలి. కనపడితే సంతకం ఎవరి చేతిరాతో చూడండి. నేను చూసిన ఒక పుస్తకంలో గ్రామసభకు వచ్చిన నలభై మంది సంతకాలూ ఒకే చేతి ఒంపుతో ఉన్నాయి. 'ల' రాసే తీరు మారలేదు.

సర్పంచ్ మహిళ అయితే భర్త లేనప్పుడు పోండి. అంటే పొద్దున పదకొండుకు, ఆయన మండలాఫీసుకు పోయాక. "పాలన ఎట్లా ఉంది" అని అడగొద్దు, బట్టీ జవాబు వస్తుంది. "చెక్కు మీద సంతకం పెట్టేటప్పుడు ఉపసర్పంచ్ మీ ఇంటికి వస్తడా, మీరు పోతరా" అని అడగండి. 2018 పంచాయితీరాజ్ చట్టం చెక్కు మీద ఇద్దరి సంతకాలు పెట్టింది. ఆ ఒక్క రూలుతో ఊళ్లో ఎవరు ఎవరి గడప తొక్కాలో మారిపోయింది, కొన్ని ఊళ్లలో మారకుండానూ ఉండిపోయింది.

అదే చట్టంతో అయిదు వందల జనాభా దాటిన తండాలు సొంత పంచాయితీలయ్యాయి. మీ ఊరు అట్లా విడిపోయిన ఊరైతే విడిపోకముందు పదేళ్ల తీర్మానాలు తీసి, సీసీ రోడ్డు, మోరీ, బోరు పనులు ఏ వాడకు పోయాయో రంగు పెన్సిళ్లతో పటం మీద గీయండి. తర్వాత అయిదేళ్లవి ఇంకో పటం మీద. పటాలు చూశాక తండావాళ్లు ఎందుకు విడిపోవాలనుకున్నారో అడగాల్సిన పని ఉండదు, కానీ అడగండి. వాళ్లు చెప్పేది రోడ్డు గురించి కాకపోవచ్చు. ఒక నాయక్ మాతో "మా పంచాయితీలో కుర్చీ మీద కూసుంటున్నం మేడం" అన్నాడు. ఆ మాట ముందు మా పటం వెలవెలబోయింది.

2024 ఫిబ్రవరిలో సర్పంచుల గడువు ముగిశాక ఎన్నికలు ఆలస్యమై ప్రత్యేకాధికారులు నడిపారు. ఎన్నికైన వాళ్లు లేని ఆ పేజీలను విడిగా చదవండి. ఏమాగింది, ఏం ఆగలేదు? ఆగనివేవో తెలిస్తే మీ ఊళ్లో సర్పంచ్ పని నిజంగా ఎంతో తెలుస్తుంది.

భూమి పుస్తకాల జోలికి మొదటిసారే పోవద్దంటాను. 1954–55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిదో రాసిన పాత రికార్డు) మీద ఆసక్తి అందరికీ ఉంటుంది. కానీ దాన్ని చదవడం వేరే విద్య, పైగా మీరు ఎకరాలు అడుగుతున్నారంటే ఊరంతా గప్‌చుప్ అయిపోతుంది. పటేల్ పట్వారీలు 1984లో పోయారు, వీఆర్వోలు 2020లో పోయారు, భయం మాత్రం ఇంకా అక్కడే కూర్చుంది.

అన్నీ ఒక్కచోట పెట్టడం

ఇప్పుడు పెద్ద డ్రాయింగ్ షీటు తీసుకోండి. అడ్డంగా పదేళ్లకొక గీత. నిలువుగా మూడు గడులు: బడి, పని, పంచాయితీ. మీకు దొరికినవన్నీ ఆయా గడుల్లో చిన్నగా రాయండి. వెంటనే బాణాలు గీయకండి. పిల్లలు ఇక్కడే తొందరపడతారు, 'మధ్యాహ్న భోజనం వల్ల ఆడపిల్లలు చదివారు, చదివినందువల్ల సర్పంచులయ్యారు' అని ఒక గీతలో తేల్చేస్తారు. అదే ఏడు బోరు పడి ఉండొచ్చు, మహిళా సంఘంలో అప్పు దొరికి ఉండొచ్చు, పక్కూరికి బస్సు వచ్చి ఉండొచ్చు. బాణం గీయాలంటే ఆ మార్పును ఒంటి మీద మోసిన మనిషి ఒకరైనా "అవును, అందుకే" అనాలి. అట్లా అన్న చోట గీయండి. మిగతా చోట చుక్కలు పెట్టి వదిలేయండి. నా దగ్గర దాచుకున్న షీట్లలో మంచివన్నీ చుక్కలు ఎక్కువున్నవే.

షీటు కింద ముగ్గురి కథలు అరపేజీ చొప్పున రాయండి, పేర్లు మార్చి. ముగ్గురూ ఒకే తరగతిలో చేరినవాళ్లయి ఉండాలి. ఆ రిజిస్టరు పేజీలో పక్కపక్క నంబర్లు దొరికితే ఇంకా మంచిది. ఒకామె బీడీల దగ్గర ఆగింది, ఒకాయన మహారాష్ట్రలోని భీవండి మగ్గాల మీదికి పోయాడు, ఒకామె పంచాయితీలో వార్డు మెంబరు. తేడా ఎక్కడ మొదలైందో వాళ్లనే చెప్పమనండి. మీరు అనుకున్న చోట ఉండదు.

పూర్తయ్యాక ఒక కాపీ బడికి, ఒకటి పంచాయితాఫీసుకు ఇవ్వండి. ఇచ్చేముందు మీతో మాట్లాడిన ముసలమ్మలకు వాళ్ల వరకు ఉన్నది చదివి వినిపించండి. "గిది తీసేయ్ బిడ్డా" అంటే తీసేయండి, మారు మాట్లాడొద్దు.

ఎప్పుడు మొదలుపెట్టాలంటే, ఏప్రిల్ పరీక్షలు కాగానే బడి పని పెట్టుకోండి, సెలవులు ఇచ్చాక హెడ్మాస్టరు దొరకరు. మే నెల పొద్దున ఏడు నుంచి పది దాకా, మళ్లీ సాయంత్రం అయిదు దాటాక ఇళ్లకు పోండి. మధ్యాహ్నం ఎండలో ఎవరి దర్వాజా కొట్టినా తిట్లే. పంచాయితీ పుస్తకాలకు మే ఆఖరు మంచిది. మిరుగం (మృగశిర కార్తె) వచ్చిందంటే చేన్ల మీద పడతారు, జూన్ 12న బడులు తెరుస్తారు, ఇక మీతో మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. బాటిల్లో నీళ్లు, తలకు రుమాలు, రెండు పెన్సిళ్లు. జేబులో నాలుగు చాక్లెట్లు కూడా పెట్టుకోండి, ఇంట్లో చిన్నపిల్లలుంటారు.